టీచరమ్మ చేతిలో చేప మొప్ప

“అవనిగడ్డలో దిగి బడికి వెళ్తావా, మీ నాన్న దగ్గరికి వెళ్తావా?” అన్నాను.

“ఏమోనండీ,” అంది.

అంతలో చల్లపల్లి వచ్చింది. చేపల గంప ఎత్తుకుని దిగిపోయాను.

బందరులో బస్సెక్కినప్పటినుంచి నా పక్కన కూర్చున్న ఆ పిల్ల టీచరు. పేరు అడగలేదు. నీళ్లలోంచి తీస్తే చేప గాలి అందక చస్తుందని మూడో తరగతికి చెప్పిందట. “బయటంతా గాలేగా టీచర్!” అని జాలర్ల పిల్లలు విరగబడి నవ్వారట.

“జవాబు తెలియలేదండీ. మా ఇంట్లో చేప ముట్టరు. ఉద్యోగం మానేస్తానని నాన్నకి చెప్పేశాను,” అని ఏడ్చింది.

గంపలో శీలావతి చేప మొప్ప ఒకటి పీకి చూపించాను. ఎర్రటి పొరలు ముద్దలా అంటుకుపోయి ఉన్నాయి. ఆమె టిఫిన్ డబ్బా మూతలో నీళ్లు పోసి ముంచితే జుట్టులా విడివడ్డాయి. పైకి తీస్తే మళ్లీ ముద్ద.

“అంటుకుపోతే గాలి తగిలే చోటే ఉండదు కదండీ!” అంది. తనే వేళ్లతో పట్టుకుని మళ్లీ మళ్లీ ముంచింది.

మా ఆయన పోయినప్పటినుంచి ఈ మొప్పలు పీకి పారేస్తున్నాను. నాకెప్పుడూ తట్టలేదు.

“నవ్వినవాళ్ల ముందు చెప్పగలనా పిన్నిగారూ?”

“చెప్పడమెందుకు? ముంచి చూపించు,” అని మొప్పను ఆకులో చుట్టి ఇచ్చాను.

ఇప్పటికీ అవనిగడ్డ బస్సు కనబడితే కిటికీలన్నీ వెతుకుతాను. మనసు ఒకచోట నిలవదు.

ఏమ్మా కోడలా, నేను చెప్పింది రాయమంటే, ఆమె బడికి వెళ్లిందని నువ్వే రాసేశావా? నేను చూడలేదే! అది కొట్టేసి, మొదటినుంచి చదివి వినిపించు.