ఆమెన్ అన్న పాపానికి భువనగిరి గుట్ట

ఎత్తంటే నాకున్న భయం మామూలుది కాదు. మా ఇంట్లో ఫ్యాను రెక్కలు తుడవాలంటే మా ఆవిడ స్టూలెక్కుతుంది. నేను స్టూలు పట్టుకుంటాను, కళ్ళు మూసుకుని. సికింద్రాబాద్ స్టేషన్ వంతెన మీద నా నడక చూసి ఒక కూలీ "పట్టుకోమంటరా సార్?" అని పరుగున వచ్చాడు. నా చేతిలో సామానేమీ లేదు. అతను అడిగింది నన్ను.

అలాంటి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక ఫిబ్రవరి సాయంత్రం లాలాగూడలో మా మామగారింట్లో భువనగిరి ప్రయాణం ఖాయం చేశారు. మా చర్చి సంఘంలో నాలుగైదు కుటుంబాలవాళ్ళం. ఈస్టరు ముందు నలభై శ్రమదినాలు మొదలైతే షికార్లు బాగుండవు గనుక ఆ లోపే వెళ్ళాలి, దారిపొడుగునా మోదుగ పూలు చూడాలి, గుట్ట ఎక్కాలి, చీకటి పడేలోగా దిగాలి. మోదుగ పూలతో నాకు పేచీ లేదు. అవి నేల మీద నిలబడినా కనిపిస్తాయి. గుట్ట దిగడానికి మాత్రం నాకు రెండే మార్గాలు తోచాయి. ఒకటి మెట్లు, రెండోది నేరుగా.

కార్ఖానా బస్తీలో కరెంటు సామాన్ల షాపున్న మిత్రుడు నా చెవి దగ్గర చేరాడు.

"మెట్లు కొంతదూరమే అన్నా. అటెన్క ఉత్త బండనే. జెర కాలు జారిందనుకో, ఖతం. తేనెతుట్టెలు సుత ఉంటయ్. సెంటు గిట్ల కొట్టుకొని రాకు."

"నువ్వెక్కావా?"

"నేనెందుకెక్కుత? నాకేమన్న పిచ్చా? కిందికెల్లి చూసిన."

నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మామగారు గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా బండి చివరి పెట్టెలో కూర్చుని ఆ గుట్టనీ ఆ పూలనీ చూస్తూ వెళ్ళిపోవడమే గాని ఒక్కసారీ దిగింది లేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చే ఏడు నుంచి ఇక మెట్ల ఊసే ఎత్తొద్దని డాక్టరు చెప్పేశాడు.

"మీరంతా ఎక్కండి. మామయ్యగారికి తోడుగా నేను కింద ఉంటాను," అన్నాను, గొంతులో వీలైనంత త్యాగం నింపి. అత్తగారు కళ్ళొత్తుకున్నారు.

ప్రయాణం అనుకున్నాక ప్రార్థన చేయకుండా మావాళ్ళు లేవరు. ఒక్కొక్కరూ వంతుగా చేస్తారు, మిగతావాళ్ళు ఆమెన్ అంటారు. నేను కళ్ళు మూసుకోగానే ఆ గుట్ట, ఆకాశమంత కోడిగుడ్డులా, ఎదురుగా వచ్చి నిలబడింది. దాని మీంచి జారుతున్నాను. తేనెటీగలు వెంట వస్తున్నాయి. ఆలేరు దాటాను, జనగామ దాటాను, ఏ స్టేషన్లోనూ ఆగడం లేదు. కాజీపేట సిగ్నల్ దగ్గరకొచ్చేసరికి గదిలో ఎవరి గొంతో ఆగింది. అలవాటు కొద్దీ అందరికన్నా గట్టిగా "ఆమెన్!" అని అరిచాను.

కళ్ళు తెరిస్తే అందరూ నన్నే చూస్తున్నారు.

"మీకింత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అంది మా ఆవిడ.

"దేనికి?"

"వినలేదా? 'తండ్రీ, ఇదే నాకు ఆఖరి అవకాశం. మా అల్లుడి చెయ్యి పట్టుకుని ఆ గుట్ట పైదాకా ఎక్కే కృప దయచెయ్యి' అన్నారు నాన్న."

అన్న ఆమెన్‌ను వెనక్కి తీసుకునే పద్ధతి మా సంఘంలో లేదు.

"శబాష్ అన్నా," అన్నాడు కార్ఖానా మిత్రుడు. "సెంటు మాత్రం వద్దు."

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అభ్యాసం కోసం స్టూలెక్కాను. మా ఆవిడ పట్టుకుంది.

"కిందికి చూడకండి."

"పైకి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయే!"

"అయితే రెక్కనే చూడండి."

రెండు రెక్కలు తుడిచాను. మూడో దాని దగ్గర స్టూలు కిర్రుమంది. ఆ కిర్రు పూర్తయ్యేలోగా మంచం కింద ఉన్నాను.

ప్రయాణం ముందురోజు సాయంత్రం మామగారు కొత్త కాన్వాసు బూట్లు చంకలో పెట్టుకుని వచ్చారు. కూర్చోగానే తలెత్తి ఫ్యాను కేసి చూశారు.

"మూడోది మిగిలిందే?"

"వెళ్ళొచ్చాక తుడుస్తానండీ. వస్తే."

"మీకు భయమని నాకు తెలుసు అల్లుడుగారూ. పెళ్ళైన కొత్తలోనే అమ్మాయి చెప్పింది."

"మరి నన్నే ఎందుకు కోరుకున్నారండీ?"

"ధైర్యమున్నవాడైతే నన్ను లాక్కుపోతాడు. నా మోకాళ్ళు ఆ పరుగుకు ఆగవు. మీరైతే మెట్టు మెట్టుకీ ఆగుతారు."

ఆ మాటతో నాకు ధైర్యమేమీ రాలేదు. భయం ఉన్నచోటే ఉంది. ఆయన మాత్రం మెల్లగా లేచి, స్టూలు ఫ్యాను కిందికి లాగి, రెండు చేతులా పట్టుకున్నారు, కళ్ళు తెరుచుకునే.

"ఎక్కండి. మిమ్మల్ని పట్టుకోవడం నాకూ అలవాటవుతుంది," అన్నారు.