పిన్ని నోరు మూసుకున్న పూట

మా పిన్ని వంటింట్లోంచి ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చి ఇచ్చేవారు. అంత గొంతు. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. మైకు పాడైన రోజున కూడా ఎవరికీ బస్సు తప్పలేదంటారు. బాబాయిది నేత మిల్లు. మరమగ్గాల హోరు ఆయన చెవుల్ని ఎప్పుడో తినేసింది. చెవి మిషన్ పెట్టుకోమంటే, "మీ పిన్ని ఉండగా నాకెందుకురా?" అంటాడు.

గంతకు తగ్గ బొంత అని మేమంతా నవ్వుకునేవాళ్లం. కానీ వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నాకొకటి అనిపించేది. మందు వేసుకున్నారా, గ్యాస్ కట్టేశారా... కేకేసి చెప్పగలిగినవే చెప్పుకుంటారు. కేకేసి చెప్పలేనివన్నీ ఏమైపోతున్నాయో!

ఇద్దరికీ పక్షుల పిచ్చి. చెవులతో పనిలేని కాలక్షేపం మరి. పోయినేడు ఊరి చివరి పక్షుల పార్కులో రెల్లుకొంగ గూడు పెట్టింది. అది గూడు పెట్టడమే అరుదు. చాటుగా చూడ్డానికి కట్టిన చెక్క గది కిటికీలోంచి పిన్నికి కనబడింది. "ఏవండీ, అదిగో!" అంది. మామూలుగానే అంది. కొంగ లేచిపోయింది. బాబాయి చూడనేలేదు. అది మళ్లీ గుడ్ల మీదికి వచ్చేదాకా కాపలాదారు చూసిన చూపు పిన్ని మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఈ ఏడు కొంగ మళ్లీ వచ్చింది. "ఈసారైనా మీ బాబాయికి చూపించాలిరా. అది లేచిందా, నేనిక ఈ జన్మలో ఆ గడప తొక్కను" అంటూ నన్ను తోడు తీసుకెళ్లింది. గేటు దగ్గర కాపలాదారు దణ్ణం పెట్టాడు.

"అమ్మా, పసి పిల్లలున్నాయి గూట్లో. తమరు కాస్త..."

"నేను నోరు తెరిస్తే అడుగు!" అంది పిన్ని.

గేటు మీది కాకులు లేచిపోయాయి.

కాపలాదారు మా వెంటే వచ్చాడు. చెక్క గదిలో అడుగుపెట్టగానే పిన్ని చేతిరుమాలు పళ్ల మధ్య కరిచిపట్టింది. కొంగ ముక్కు ఆకాశానికెత్తి, తనూ ఒక రెల్లు దుబ్బే అన్నట్టు నిలబడి ఉంది. పిన్ని ఇట్టే పట్టేసింది. బాబాయి బైనాక్యులర్ అటూ ఇటూ తిప్పుతున్నాడు, దొరకదే!

"అక్కడ..." అని గుసగుసలాడాను నేను. పిన్ని నా తొడ మీద గిల్లిన గిల్లుడికి కెవ్వుమన్నాను. కొంగ మెడ కదిలింది. కాపలాదారు నావైపు చూశాడు. నిరుడు పిన్నిని చూసింది కూడా ఇలాగే కాబోలు.

బాబాయికి ఓపిక అయిపోయింది. "ఏదే?" అనబోయాడు. చెవిటివాళ్లకి తమ గొంతెంతో తెలియదు. పిన్ని గబుక్కున ఒక అరచేత్తో ఆయన నోరు మూసింది. రెండో చేత్తో ఆయన తలని, గడియారం ముల్లు సరిచేసినట్టు, మెల్లగా తిప్పింది. కొంచెం. ఇంకొంచెం. అక్కడ ఆపింది.

రెల్లు అడుగున ఓ పిల్ల నోరు తెరిచింది. తల్లి మెడ వంచింది.

బాబాయి చూశాడు. నోటి మీది చేతిని తీసెయ్యలేదు. దాని మీద తన చెయ్యి వేసి, అలాగే పట్టుకున్నాడు. వాళ్లనలా నేనెప్పుడూ చూడలేదు. నేను చూడాల్సింది కొంగనని గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

బయటికొచ్చాక కూడా పిన్ని పెదవి విప్పలేదు. బస్టాపు దగ్గర బాబాయే అడిగాడు. "ఏమే, మాట్లాడవేం? భయమేస్తోంది నాకు."

"చూశారా?" అంది పిన్ని.

అప్పటికే మలుపు తిరిగిపోతున్న బస్సు ఆగింది.