చెకింగ్ శేఖర్ ఇంట్లో చోటు

చిత్తూరు బస్టాండులో మునిశేఖర్ ఎవరని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. చెకింగ్ శేఖర్ అంటే మాత్రం టీకొట్టు వాడు కూడా చెయ్యెత్తి చూపిస్తాడు. దారిలో బస్సు ఆపి టికెట్లు తనిఖీ చేయటం అతని ఉద్యోగం. చేసీ చేసీ అనుమానం ఆ మనిషి ఒంటికి పట్టేసింది. టికెట్టు లేనివాడి ముఖం చూడగానే తెలిసిపోతుందనీ, తన కళ్ళు గప్పేవాడు ఇంకా పుట్టలేదనీ ఆయనగారి నమ్మకం. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకపోతే మరీ ఎక్కువ కలిపాడంటాడు.

ఇలాంటి మహానుభావుడి ఇల్లు మిట్టూరులో ఒక ఇరుకు సందులో ఉంది. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే ఉండాల్సినంత వంటిల్లు. కూతురు లోహిత తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి ఇంట్లో ఉండేది అతనూ, భార్య భానుశ్రీ మాత్రమే. అయితే పెళ్ళినాటి డబుల్ కాటు మంచం, ఆరు కుర్చీల డైనింగ్ టేబులు, సోఫా, రెండు బీరువాలు కలిసి ఇంటిని సగానికి సగం మింగేశాయి. పక్కకు తిరిగి నడవటం వాళ్ళకు అలవాటైపోయింది.

ఆ ఇరుకు ఒకప్పుడు అతనికి కలిసొచ్చింది కూడా. రెండేళ్ళ కిందట అత్తగారు వరదమ్మకు మోకాళ్ళు పట్టేసి కదలలేకపోతే, సూళ్లూరుపేటలో ఉండే బావమరిది సుకుమార్ ఫోన్ చేసి, అమ్మను కొన్నాళ్ళు మీ దగ్గర పెట్టుకోమని అడిగాడు. మునిశేఖర్ హాలు మధ్యలో నిలబడి, భానుశ్రీ వింటుండగానే, "నడవలేని మనిషికి ఈ ఇంట్లో చోటు యాడుండాదప్పా? మంచం ఏసేదానికి గూడా జాగా లేదే" అనేశాడు. సుకుమార్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ పూట భానుశ్రీ అన్నం తినలేదు. మునిశేఖర్ శుభ్రంగా తిన్నాడు.

అలాంటి ఇంట్లో ఈ వేసవిలో ఉన్నట్టుండి చోటు పుట్టటం మొదలైంది.

ముందు డైనింగ్ టేబులు పోయింది. అతను డ్యూటీ దిగి వచ్చేసరికి దాని బదులు గోడకు ఒక బల్ల వేలాడుతోంది. తినేటప్పుడు దించుకోవాలి, తిన్నాక మడిచి గోడకు ఆనించేయాలి. "సూడు, నడిచేదానికి ఎంత జాగా వచ్చిందో" అంది భానుశ్రీ. జాగా వచ్చిన మాట నిజమే. కానీ ఎందుకు రావాలి? ఇన్నేళ్ళ కాపురంలో ఇరుకని నోరెత్తని మనిషికి ఇప్పుడు జాగాతో ఏం పని పడింది? బస్సెక్కినా దిగినా అదే ఆలోచన.

తర్వాత సోఫా పోయి, లోపల దుప్పట్లు దాచుకునే పెట్టె బల్ల వచ్చింది. బీరువాలు పోయి గోడ పొడుగునా అరలు వచ్చాయి. ఆఖరికి డబుల్ కాటు కూడా గడప దాటింది. వడ్రంగి రఘునాథ్ చేత రెండు మంచాలు చేయించింది భానుశ్రీ. ఒకటి పగలంతా గోడకు మడిచిపెట్టేది, అది మునిశేఖర్‌కు. రెండోది కిటికీ పక్కన కదలకుండా ఉండేది. కింద సొరుగులు, పక్కన గోడకు పట్టుకుని లేవటానికి ఒక ఇనుప కమ్మీ.

"ఇది ఎవురికి?" అన్నాడు కమ్మీ మీద వేలు పెట్టి.

"పడుకునేవాళ్ళకి" అంది ఆమె.

ఆ జవాబు విన్నాక మునిశేఖర్‌కు ఇంక నిద్ర పట్టలేదు. ప్రస్తుతానికి ఆ మంచం మీద పడుకునేది ఆమే. అంటే బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు ఎవరి కోసమో చోటు పట్టి పెడుతోందన్నమాట.

ఒకరోజు తల దువ్వుకుందామని నిలబడితే అద్దంలో తన చొక్కా గుండీలు కనిపించాయి. ముఖం కోసం మోకాళ్ళు వంచాల్సి వచ్చింది. మేకు ఊడిపోతే కిందికి కొట్టించానంది భానుశ్రీ. మేకు సంగతి సరే, చొక్కాలు తగిలించే కొక్కేలు ఎందుకు దిగాయి? దేవుడి పటాల అర ఎందుకు దిగింది? పోపుడబ్బా కూడా ఎందుకు దిగింది? పళ్ళెం ముందు కూర్చుని ఆలోచిస్తుంటే చటుక్కున వెలిగింది. వరదమ్మ పొట్టి మనిషి! మోకాళ్ళ మనిషి! కమ్మీ, మంచం, అద్దం అన్నీ అత్తగారికి అమర్చినవే. తనను అడిగితే కాదంటాడని, ఇంటినే అత్తగారి కొలతకు కుదించేస్తున్నారు.

ఇంక సాక్ష్యాలకు కొదవ లేకపోయింది. వేలూరు బస్సు కండక్టరు కనబడి, "మేడం మొన్న గూడా మా బండిలోనే వచ్చినారు సార్" అన్నాడు. చీరలకని ఇంట్లో చెప్పి వెళ్ళింది, చీర మాత్రం ఇంటికి రాలేదు. వేలూరు పక్కనే కాట్పాడి స్టేషను. సూళ్లూరుపేట నుంచి మద్రాసు మీదుగా సుకుమార్ అక్కడికి వచ్చి, అక్కాతమ్ముళ్ళు ప్లాట్‌ఫారం మీద కూర్చుని పన్నాగం పన్నుంటారు. ఈ మధ్య ఆమె తీరు కూడా మారింది. గోడ పట్టుకుని నిలబడుతోంది. బట్టలారేయటానికి మిద్దెక్కటం మానేసి, మడిచే స్టాండు కొనుక్కుంది. చేతిలోంచి గ్లాసు జారిపోతోంది. తప్పు చేసేవాళ్ళ చెయ్యి వణుకుతుందని మునిశేఖర్‌కు ఒకరు చెప్పాలా!

రఘునాథ్ వంటింట్లో కూరలు తరిగే చిన్న బల్ల బిగించటానికి వచ్చేరోజు తెలుసుకుని, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి కూర్చున్నాడు. భానుశ్రీ పడకగదిలో బట్టలు మడతపెడుతోంది. మునిశేఖర్ చప్పుడు కాకుండా వెళ్ళి వడ్రంగి పక్కన నిలబడ్డాడు.

"ఎంత పొట్టి మనిషికి బిగిస్తా ఉండావప్పా?"

"పొట్టి ఏందన్నా? అక్క కుర్చీలో కూర్చోని చెయ్యి చాపింది, చెయ్యి ఆనిన కాడ గుర్తు పెట్టినా. ఇంట్లో అన్నీ అట్ల బిగించినవే గదా" అన్నాడు రఘునాథ్, మర తిప్పుతూనే. "వాకిళ్ళు గూడా కొలిపించింది, చక్రాల కుర్చీ పట్టాదా లేదా అని."

చక్రాల కుర్చీ! ఇంతకన్నా ఏం కావాలి? మునిశేఖర్ ఒక్క అంగలో పడకగదిలోకి పోయాడు.

"ఏమే, మీ యమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నా ఇంట్లోకి తోసుకొస్తావా? నాకు తెలీకుండా కొలతలు తీస్తావా? వేలూరు పోయింది కూడా దానికే గదా? నన్ను ఏమనుకున్నావు?"

భానుశ్రీ చేతిలోని చీర మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"అమ్మకు కాదు" అంది.

"మరి ఎవురికి?"

"నాకు."

అతను నమ్మలేదు. అబద్ధం ఎక్కడుందా అని ఆమె ముఖమంతా వెతికాడు. భానుశ్రీ కళ్ళు దించకుండా చెప్పుకుపోయింది. చలికాలం నుంచి కాళ్ళు చెప్పినట్టు వినటం లేదట. ఈడ డాక్టర్లకు అంతుబట్టక వేలూరు ఆస్పత్రికి పొమ్మన్నారట. కండరాలు సన్నగిల్లే జబ్బని అక్కడ తేల్చారట. నడక ఎంతకాలం ఉంటుందో చెప్పలేమనీ, ఇల్లు ఇప్పటినుంచే సర్దుకోవటం మంచిదనీ అన్నారట.

మునిశేఖర్ మంచం అంచున కూర్చున్నాడు. వణికిన చెయ్యి, పట్టుకున్న గోడ, జారిన గ్లాసు అన్నీ అతను చూశాడు. చూసి నేరం కట్టాడు.

"నాకొక మాట చెప్పొద్దా?" అన్నాడు.

"చెప్తే ఏమంటావో నాకు తెలుసు గదయ్యా. నడవలేని మనిషికి ఈ ఇంట్లో చోటు లేదని ముందే అనేసినావు. అందుకే ముందు చోటు చేసుకోని, తర్వాత చెప్దామనుకున్నా."

"అది మీ అమ్మను గదా అనింది."

"అమ్మ కాళ్ళొకటి, నా కాళ్ళొకటా?"

వంటింట్లో మర తిప్పే చప్పుడు ఆగిపోయింది. మునిశేఖర్ ఇంకేం పనులు మిగిలాయని అడిగాడు.

"బాత్రూం గడప. అది దాటుకోని కుర్చీ పోదు. పగలగొట్టిస్తే నీకు తెలిసిపోతాదని వదిలేసినా."

"నేను పగలగొట్టిస్తా."

భానుశ్రీ అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. ఎక్కడా ఆగకుండా, కళ్ళ దగ్గర్నుంచి గడ్డం దాకా చూసింది.

"నిజంగానేనా?" అంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తనను అనుమానించటం ఇదే మొదటిసారి అనుకున్నాడు మునిశేఖర్. అనుకున్న మరుక్షణమే అది అబద్ధమని తెలిసింది. కిందికి దిగిన ప్రతి మేకూ, ప్రతి అరా అతని మీద అనుమానంతో దిగినవే. ఇల్లంతా ఆ అనుమానంతోనే కట్టుకుంది ఆమె. అంత ప్రేమగా వండిపెడుతూ, ఈ మనిషి నన్ను ఇంట్లో ఉండనిస్తాడా అని నెలల తరబడి లోపల అడుగుతూనే ఉంది.

అవునని చెప్పినా ఆమె ఎందుకు నమ్మాలి? లేచి చెప్పులు వేసుకుని, మండుటెండలో మేస్త్రీని వెతుక్కుంటూ బయల్దేరాడు.