మలుపులో రబ్బరు దిమ్మ

ఏళ్ల తరబడి గుండె మీద ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరు నా ముఖం చూడరు కాబట్టి మీకు చెబుతున్నాను.

కెనడాలో బ్రాంప్టన్ నుంచి ఈ ఊరికి మారిన కొత్తలో ఇక్కడ అంతర్జాతీయ ఆల్‌రౌండ్ స్పీడ్ స్కేటింగ్ పోటీలు జరిగాయి. నాలుగు వేర్వేరు దూరాల రేసులు. అన్నిటి సమయాలూ కలిపి విజేతను తేలుస్తారు. ఒక్కసారి పడితే అంతా పోయినట్టే. మా వీధిలో ఉండే రిటైర్డ్ ఇంజనీర్ మూర్తి గారు నన్ను వాలంటీరుగా చేర్పించారు. మంచు మీద లైను వెంట చిన్న నల్ల రబ్బరు దిమ్మలు పెడతారు. స్కేటు తగిలి కదిలితే వెంటనే సరిచేయాలి. మలుపు దగ్గర నా పని అదే. ఫోన్ మాత్రం జేబులోంచి తీయొద్దని ఆయన మరీ మరీ చెప్పారు.

తీశాను. ఎక్కడ నిలబడ్డానో స్నేహితుల గ్రూపులో చూపించుకోవాలని. ఎంత చవకబారు సరదా! తలెత్తేసరికి ఒక దిమ్మ లైను దాటి దారిలో పడి ఉంది. నేను కదిలేలోపే పోటీలో ఉన్న ఒక అమ్మాయి మలుపు తిరిగింది. అది ఆమెకు మూడో రేసు, అప్పటిదాకా అందరికన్నా ముందుంది. కాలు దిమ్మ మీద పడింది. జారుకుంటూ వెళ్లి మెత్తలు కట్టిన గోడకు గుద్దుకుంది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. నేను దిమ్మను తీసి దాని చోట పెట్టేశాను.

ఎందుకలా చేశాను? చుట్టాలు గుమ్మంలోకి వచ్చేలోపు చిందరవందరంతా సర్దేయడం చిన్నప్పటి నుంచి మా ఇంటి అలవాటు, చేతులు వాటంతటవే ఆ పని చేశాయని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, కానీ వంగే ముందు జడ్జి ఎటు చూస్తున్నారో చూసుకున్న మనిషికి ఆ సాకు ఎలా చెల్లుతుంది? జడ్జి వచ్చేసరికి దిమ్మలన్నీ వరుసలో ఉన్నాయి. దారిలో అడ్డం ఉందని తేలి ఉంటే ఆమెకు మళ్లీ రేసు ఇచ్చేవారు.

ఆమె కుంటుతూ నా దగ్గరికే వచ్చింది.

"ఐస్ మీద ఏదైనా ఉందా? కాలికి ఏదో తగిలింది," అని ఇంగ్లిష్‌లో అడిగింది.

"నథింగ్," అన్నాను.

"ఆర్ యూ ష్యూర్?"

"యెస్. నథింగ్."

ఆమె తన కాలిని పరాయివాళ్ల కాలిని చూసినట్టు చూసుకుంది. తర్వాత ఆమె మలుపు వస్తే చాలు భయపడి వేగం తగ్గించేస్తోందని, కొన్నాళ్లకు ఆటే మానేసిందని మూర్తి గారు చెప్పారు, పాపం అంటూ.

ఇప్పటికీ అక్కడికి స్కేటింగ్‌కు వెళ్తాను. పట్టపగలే. జనం పలచబడ్డాక నా వెనక ఒక స్కేటు మంచును గీస్తున్న చప్పుడు మొదలవుతుంది. దగ్గరవుతుంది. సరిగ్గా ఆ మలుపులో ఆగిపోతుంది. పడిన చప్పుడు మాత్రం రాదు. దాని కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడతాను. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మంచు మీద కొత్త గీత కూడా ఉండదు. నా భ్రమేనా? కావచ్చు. తన కాలికి తగిలినదాన్ని భ్రమ అనుకునేలా ఆమెను చేసింది నేనేగా.

క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. ఈ మాట ఒక్కసారి బయటపెడితే కాస్త ఊపిరి ఆడుతుంది, అంతే.

అక్కడ దిమ్మ ఉంది. తప్పు ఆమె కాలిది కాదు.