వైండింగ్ షాపులో గిటార్

జహీరాబాద్ వచ్చిన మూడో ఏడు నేను ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఎవరైనా అంటారేమోనని సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను గానీ, అనడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లి ఒకటి అయింది, ఏడేళ్లకు చెరో దారి పట్టాం. మాది గోదావరి వైపు ఊరు. ఇక్కడ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో గేర్‌బాక్సులు తనిఖీ చేయడం నా పని. గేర్లు తిరుగుతుంటే చెవి పెట్టి విని, ఎక్కడ గరగర ఉందో, ఎక్కడ కూత వస్తోందో పట్టుకోవాలి. పగలంతా చప్పుళ్లలో తప్పులు పట్టి ఇంటికొస్తే, తప్పు పట్టడానికైనా అక్కడ ఒక్క చప్పుడు ఉండేది కాదు.

గిటార్ కొత్తదే. కానీ అరవై ఏళ్ల కిందటి మోడల్‌కు చవక నకలు. లేత ఆకుపచ్చ ఒళ్లు, మీగడ రంగు ప్లేటు, దాని మీద పాత రేడియోలకు ఉండేలాంటి మీటలు నాలుగు, తీగల కింద బంగారు రంగు రేకు తొడిగిన పికప్ ఒకటి. ఫొటోలో ఎంత షోకుగా ఉందో! అట్టపెట్టె విప్పి చేతిలోకి తీసుకుంటే తేలిపోయింది, ప్లైవుడ్ బల్ల. నాలుగు మీటల్లో రెండు ఒకే పని చేస్తాయి, ఒకటి ఏ పనీ చేయదు. తీగలు మెడకు ఎంత ఎత్తున ఉన్నాయంటే, నొక్కేసరికి వేళ్లు కోసుకుపోయేవి. తీగలు ఆనే బ్రిడ్జికి మేకూ లేదు, మరా లేదు, తీగల బరువుకే నిలబడుతుంది. కాస్త గట్టిగా మీటితే పక్కకు జరిగేది, శ్రుతి అంతా గోవిందా. అన్నిటికీ మించి దానికొక సణుగుడు ఉండేది. తీగల మీద చెయ్యి ఉన్నంతసేపూ ఊరుకునేది. చెయ్యి తీస్తే ఆంప్లిఫయర్‌లోంచి గుయ్‌మని మొదలుపెట్టేది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క గుణం నాకు నచ్చింది.

అయినా తప్పులు పట్టేవాడికి ఊరుకోబుద్ధి కాదు. మెడ అతుకు కింద విజిటింగ్ కార్డు ముక్క మడిచి పెట్టి తీగల ఎత్తు తగ్గించాను. తీగలు కూర్చునే గాట్లను సన్నటి ఆకురాయితో అరగదీశాను. బ్రిడ్జి జరగకుండా కింద టేపు వేసి, లావు తీగలు ఎక్కించాను. లోపలి గూడంతా రాగి రేకు అతికిస్తే సణుగుడు సగానికి తగ్గింది. ఇంత చేశాక దాని అసలు గొంతు బయటపడింది. జలుబు చేసిన మనిషి పాడుతున్నట్టు కొంచెం ముక్కుతో, కొంచెం గరుకుగా పలికేది. నాకొచ్చిన మూడు స్వరాలూ వాయిస్తూ ఏడాది గడిపాను. ఒకరోజు సాయంత్రం అది మూగబోయింది.

తప్పు పికప్‌లో ఉంది. పికప్ అంటే బ్రహ్మవిద్య కాదు. అయస్కాంతం మీద వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉక్కు తీగ కదిలితే ఆ కదలికను అది కరెంటుగా మారుస్తుంది. లోపల ఎక్కడో తీగ తుప్పు పట్టి తెగింది. హైదరాబాద్‌లో ఒక షాపుకు ఫోన్ చేస్తే, దానికి రిపేరు దండగ, పారేసి వేరేది కొనుక్కోమన్నారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. బీదర్ రోడ్డులో బోరు మోటార్లు చుట్టే షాపు ఒకటి రోజూ చూస్తూనే ఉన్నాను. రాగి తీగ చుట్టే మనిషికి రాగి తీగ ఏదైనా ఒకటే కదా అని పట్టుకెళ్లాను.

షాపాయనకు యాభై అయిదు దాటి ఉంటాయి. చెరకు రైతుల, అల్లం రైతుల మోటార్లు ముప్పై ఏళ్లుగా చుడుతున్నాడు. కాలిన కాయిల్ వాసన చూసి, ఒక ఫేజు పోయి కాలిందా, నీళ్లు లేక ఒట్టిగా తిరిగి కాలిందా చెప్పేవాడు. నా పికప్‌ను అరచేతిలో పెట్టుకుని, ఇది ఏ బొమ్మలోది అని అడిగాడు. అలవాటు కొద్దీ కరెంటు బల్బు తీగ ఆనించి పరీక్ష చేయబోతే నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. అంత కరెంటు తగిలితే మిగిలిన తీగ కూడా మాడిపోయేది. ఆయన నా మొహంలోకి చూసి నవ్వాడు. పాత స్టార్టర్లలోని రిలేల కోసం ఎప్పుడో కొన్న సన్నతీగ రీలు ఒకటి అటక మీద ఉందన్నాడు. కాకపోతే ఒంటి చేత్తో అయ్యే పని కాదట.

"నాకు చేతులు రెండే ఉన్నయి సార్. మీరు జర రీలు పట్టుకుంటే చుడ్త."

అలా మొదలైంది. డ్యూటీ దిగాక, ఆదివారాలు పొద్దున, రైతులు లేని సమయం చూసి వెళ్లేవాణ్ని. ఆయన చేతిమిషను మెల్లగా తిప్పేవాడు, నేను స్టూలు మీద కూర్చుని తీగను రెండు వేళ్ల మధ్య జారనిచ్చేవాణ్ని. బిగిస్తే తెగుతుంది, వదిలితే చిక్కుపడుతుంది. రెండుసార్లు తెగింది, రెండుసార్లూ మొదటికొచ్చాం. తెగినందుకు ఆయన విసుక్కోలేదు, నేనైతే లోపల సంతోషించాను. ఆ మూడు వారాల్లో మాట్లాడినంత నేను మూడేళ్లలో మాట్లాడి ఉండను. గేర్‌బాక్సుల గురించి చెప్పాను, మా ఊరి కాలవ గురించి చెప్పాను, పెళ్లి గురించి కూడా చెప్పాను. ఇద్దరి చూపూ తీగ మీదే ఉండేది కాబట్టి చెప్పగలిగాను. ఆయన తన ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్ల గురించి, న్యాల్‌కల్ వైపు అడుగంటిన బోర్ల గురించి చెప్పేవాడు. మధ్యలో లోపలి నుంచి వాళ్లావిడ చాయ్ పంపేది.

ఆరువేల చుట్లు పూర్తయ్యాయి. మోటారుకు పూసినట్టే దానికీ వార్నిష్ పూసి ఎండలో ఆరబెట్టాడు. ఆంప్లిఫయర్ షాపుకే తీసుకెళ్లి వాయించి చూపించాను. ముక్కు గొంతు పోయి కొంచెం నిండుగా, కొంచెం మబ్బుగా పలికింది. మంచిగనే ఉందని, కానీ పాట ఎప్పుడు మొదలైతదని అడిగాడు. ఇదే పాట అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. గిటార్ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాడు డ్యూటీ దిగాక స్కూటర్ దానంతట అదే బీదర్ రోడ్డు వైపు తిరిగింది. షాపు ముందు దాకా వెళ్లి, ఏమని లోపలికి వెళ్లాలో తోచక వెనక్కి మళ్లాను.

రెండు వారాలు ఓర్చుకున్నాను. మూడో ఆదివారం పొద్దున టీ తాగి, గిటార్ ప్లేటు మరలు విప్పి, పికప్ బయటికి తీసి, సూది మొనతో తీగ కొస లేపి లాగాను. చప్పుడు లేకుండా తెగింది. లోపలి చుట్టు దాకా పోయే ధైర్యం లేక పైకొసే తెంపాను. సిగ్గు వేసింది. ఆ వెంటనే, ఇక వెళ్లొచ్చు కదా అని ప్రాణం లేచొచ్చింది. రెండూ నిజమే.

షాపులో ఎవరూ లేరు. మళ్లీ మూగబోయిందండీ, లోపల కాలినట్టుంది అన్నాను. ఆయన భూతద్దం పెట్టుకుని కొసను చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"కాలితే కొస నల్లగైతది సార్. ఇది కొత్త రాగి లెక్క మెరుస్తుంది." నా వైపు చూడకుండానే అన్నాడు. "తెంపుడెందుకు? ఊకె రావచ్చు గద."

అవునని ఉంటే సరిపోయేది. తీగలు మారుస్తుంటే స్క్రూడ్రైవర్ జారి తగిలిందన్నాను. అట్లనా అన్నాడు. మూడు వారాల పని దొరుకుతుందని నేను ఆశపడితే, పైకొసే కాబట్టి సోల్డరింగ్ పెట్టి ఐదు నిమిషాల్లో అతికించి ఇచ్చేశాడు. చాయ్ తాగిపొమ్మన్నాడు. పనుందని చెప్పి వచ్చేశాను. ఏ పనీ లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆ రోడ్డుకే వెళ్లలేదు. కూరగాయలకు కూడా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. నా ఒంటరితనం గురించి నాకు తెలుసు, దాంతో నాకు పేచీ లేదు. ఇంకొకడు దాన్ని భూతద్దంలో చూసేశాడన్నదే కొరుకుడు పడలేదు. గిటార్ మాత్రం ఏ లోపమూ లేకుండా పలుకుతోంది. రోజూ అరగంట వాయించి గోడకు ఆనించేవాణ్ని. చెయ్యి తీశాక కొంచెంసేపు అది సన్నగా సణిగేది, నేను వింటూ కూర్చునేవాణ్ని. చివరికి ఎండాకాలంలో ఒక ఆదివారం, వట్టి చేతులతో బయలుదేరాను.

ఎండాకాలం మోటార్లు కాలే రోజులని నాకు గుర్తే లేదు. షాపు నిండా రైతులు, గుమ్మం దాకా మోటార్లు. ఆయన తల ఎత్తే తీరిక లేకుండా చుడుతున్నాడు. వెనక్కి తిరగబోతుంటే, స్టూలు మీద కూర్చున్న రైతొకాయన కాళ్లు ముడుచుకుని నాకు దారిస్తూ, "మీదెంత మోటరు సార్?" అని అడిగాడు.

"ఐదు హెచ్‌పీ" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఏం పంట అని అడిగాడాయన. అల్లం అన్నాను. ఎన్నెకరాలన్నాడు. గేర్‌బాక్సు తప్ప పొలం గట్టు ఎలా ఉంటుందో సరిగ్గా తెలియని నేను, మూడెకరాలన్నాను. ఎక్కడ మీ మోటారు, కనబడదేం అని ఆయన చుట్టూ చూశాడు. నేనూ ఆయనతో పాటు చుట్టూ చూశాను.

చుట్టే మిషను చప్పుడు ఆగింది. షాపాయన తల ఎత్తలేదు.

"సార్‌ది టైం పడ్తది" అన్నాడు రైతుతో. "ఆ స్టూలియ్యి, కూసోనీ."

రైతు లేచాడు. నేను కూర్చున్నాను.