ఆరిపోయిన నక్షత్రానికి శక్తి ఎక్కడిది?

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మా నాయన మోటార్ల వైండింగ్ షాపు ముందు పాత సైకిలును తలకిందులుగా నిలబెట్టాం. నేను చేత్తో పెడలు తిప్పుతుంటే నాయన చక్రానికి డైనమో ఆనించాడు. లైటు వెలిగింది... పెడలు చేతికి బరువెక్కింది.

"లైటు ఊరికే వెలగదు పాపా... చక్రం తిరుగుడులోంచి లాక్కుంటాది. నువ్వు చెయ్యి తీస్తే చక్రం బిరీన ఆగిపోతాది" అన్నాడు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పులివెందులలో జరిగే సైన్సు ఉపన్యాసాల పోటీకి మా ఫిజిక్స్ టీచరు సుభాషిణి మేడం నన్ను ఎంపిక చేశారు. ఆమె రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చేవారు. నాకిచ్చిన అంశం న్యూట్రాన్ నక్షత్రాలు... లోపలి ఇంధనం అయిపోయి కుప్పకూలినవి. ఒక్కోటి సూర్యుడి కన్నా బరువు, వెడల్పు మాత్రం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా ఉన్నంత! పెద్ద అయస్కాంతాల్లా గిరగిరా తిరుగుతుంటాయి. మండేదేమీ లేని వాటికి శక్తి ఆ తిరుగుడులోంచే వస్తుందని మేడం రాసిచ్చారు. శక్తి బయటికి పోయేకొద్దీ తిరుగుడు నెమ్మదిస్తుందట. ఆ మాట సైకిలు తిప్పాకే నా బుర్రకెక్కింది.

పోటీలో తడబడకుండా చెప్పాను. "ఇలాంటి నక్షత్రాలన్నిటికీ శక్తి తిరుగుడు నుంచే" అని ముగించాను.

జడ్జిగా వచ్చిన రిటైర్డు లెక్చరరు నెమ్మదిగా అడిగారు... "కొన్ని శానా నిదానంగా తిరుగుతాయమ్మా. ఆ తిరుగుడు ఇవ్వగలిగిన దాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఎక్స్-కిరణాలు వదుల్తాండాయి. ఆ మిగతా శక్తి యాడిది?"

మేడం వైపు చూశాను. ఆమె తల దించుకున్నారు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు... నోరు రాలేదు. "తెలీదు సార్" అని వచ్చి కూర్చున్నాను.

బహుమతి వేరే అమ్మాయికి వెళ్ళింది. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. మేడం వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు. నా మీద కోపమనుకున్నాను.

సోమవారం బడికి పోనని మొండికేస్తే అమ్మ బలవంతాన పంపింది. మేడం క్లాసులోకి వస్తూనే నన్ను లేపి పక్కన నిలబెట్టుకున్నారు. తిడతారనే అనుకున్నా...

"'అన్నిటికీ' అని రాసిచ్చింది నేను. తప్పు నాది, ఈ పాపది కాదు" అన్నారు, క్లాసంతా వింటుండగా.

ఆదివారమంతా కాలేజీలో తనకు పాఠాలు చెప్పిన లెక్చరరు ఇంట్లో కూర్చుని అడిగి తెలుసుకున్నారట. ఆ నిదానం నక్షత్రాలకు అయస్కాంతత్వమే శక్తి నిల్వ. అది కొద్దికొద్దిగా క్షీణిస్తూ శక్తిగా మారుతుంది. ఒక్కోసారి ఆ అయస్కాంతత్వం తెచ్చే ఒత్తిడికి నక్షత్రం పైపొర పగిలి, శక్తి ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. వాటినే మాగ్నెటార్లంటారని బోర్డు మీద రాశారు.

సాయంత్రం షాపులో నాయనకు చెప్పాను. చేతిలోని రాగితీగ పక్కన పెట్టి, "అయస్కాంతమే అరిగి వెలుగైతాదా..." అని సైకిలు డైనమోను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

ఇప్పుడు ఏది అడిగినా ఫోను క్షణంలో జవాబిస్తుంది... మంచిదే. కానీ యాభైమంది పిల్లల ముందు "తప్పు నాది" అన్న పెద్ద మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మీరెవరైనా చూసి ఉంటే, ఆ మాట ఏ సందర్భంలో విన్నారో ఇక్కడ చెప్పండి... చదవాలని ఉంది.