పైకి చెప్పమనే వదిన

చిన్నోడి వదినకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటి మనిషి ఏ పని చేస్తున్నా సరే, ఆ పని చేస్తూ మనసులో ఏమనుకుంటున్నాడో పైకి చెప్పించేదాకా ఆవిడకు తోచదు. మిగతా విషయాల్లో బంగారంలాంటి మనిషి. అందువల్ల ఆవిడ మీద ఎవరికీ కడుపారా కోపం తెచ్చుకునే వీలుండేది కాదు. ఆ కష్టం చిన్నోడికి మరీ ఎక్కువ, ఎందుకంటే అతను ఆవిడకు ఇంట్లో మరిది, ఆఫీసులో సహోద్యోగి. తప్పించుకోవడానికి మధ్యలో మిగిలింది బస్సు ఒక్కటే. ఆ బస్సులోనూ ఆవిడది పక్క సీటే.

ఆఫీసులో ఈ జబ్బుకు జీతం ఇచ్చేవారు. వాళ్ళ కంపెనీ వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. చిన్నోడు పేజీలు కడతాడు. ఆ పేజీలను మామూలు మనుషులు ఎలా వాడుతున్నారో, ఎక్కడ తికమకపడుతున్నారో కనిపెట్టడం వదిన పని. ఎవరినో ఒకరిని పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెడుతుంది. "మీకేమనిపిస్తే అది పైకి చెబుతూ చేయండి" అని, తను వెనక కుర్చీలో కూర్చుని వింటుంది. ఎంత అవస్థ పడుతున్నా సాయం మాత్రం చేయదు. చేస్తే అసలు సంగతి బయటపడదట.

అక్కడితో ఆగితే గొడవే లేదు. ఒకసారి లిఫ్టులో ఎవరో పెద్దమనిషి ఒకే మీటను టకటకా నొక్కుతుంటే, నొక్కుతూ ఏమనుకుంటున్నారో చెప్పమని బతిమాలింది. ఆయన తర్వాతి అంతస్తులోనే దిగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇంకోసారి పంటి డాక్టరును అడిగింది. ఆయన మొహమాటస్థుడు, చెప్పడం మొదలుపెట్టాడు. నొప్పి ఈ పన్నుదా, పక్కదా అని ఆలోచిస్తున్నానని, పక్కదే అయ్యుంటుందని, అయినా ముందు దీన్నే పీకి చూద్దామనుకుంటున్నానని. ఆ పన్ను ఇప్పటికీ వదిన నోట్లో క్షేమంగా ఉంది.

కొన్ని నెలలుగా ఈ జబ్బు ఇంటికి కూడా పాకింది. ఇంట్లో ఎవరు ఏం చేసినా పైకి చెబుతూ చేయాలని వదిన పట్టుబట్టింది. అన్నయ్య పాపం భార్యామణికి ఎదురుచెప్పే రకం కాదు. సాయంత్రం గుమ్మంలోకి రాగానే, "నేను వచ్చాను. తలుపు దగ్గరున్నాను. బ్యాగు బల్ల మీద పెడుతున్నాను" అంటూ రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు చదివేవాడు. ఉప్పు డబ్బా జరిపితే జరిపానని, కుర్చీ లాగితే లాగానని చెప్పాలి. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడితో కూడా ఆవిడ అన్నీ చెప్పించింది. వాడు పోతూ పోతూ, ఈ ఇంట్లో అందరి ఆరోగ్యం బాగానే ఉందా అని చిన్నోణ్ణి చాటుగా అడిగాడు.

ఒకరోజు చిన్నోడు స్టూలు తెచ్చి నడవలో పెట్టి ఊరుకున్నాడు.

"స్టూలు పెట్టానని చెప్పవేం?" అంది వదిన.

"కనిపిస్తోంది కదా వదినా."

"కనిపిస్తే మాత్రం? చెప్పు."

అతను పళ్ళు కొరుక్కుంటూ చెప్పాడు. సోఫాలో కూర్చున్న అమ్మ నవ్వి, ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి ఉంటుందని, కోడలి పిచ్చికి ఖర్చేమీ లేదు గనుక సర్దుకుపొమ్మని తీర్పు చెప్పింది.

ఇంతలో కంపెనీకి ఒక పెద్ద ఆసుపత్రి పని వచ్చింది. రోగులు ఇంటినుంచే డాక్టరు దగ్గర టైము తీసుకునే వెబ్‌సైటు. దాని రూపురేఖలన్నీ మొదటిసారి చిన్నోడి చేతికి అప్పగించారు. అతను ప్రాణం పెట్టి చేశాడు. తెల్లటి పేజీ మీద పల్చటి బూడిదరంగులో సన్నటి అక్షరాలు, ఒక మూల డాక్టరు ఫోటో, గీతలూ గడులూ లేని మీటలు. మేనేజరు చూసి, చాలా ఖరీదుగా ఉందని మెచ్చుకున్నాడు. చిన్నోడు ఆ మాటను ఇంటికి తెచ్చి అందరికీ వినిపించాడు.

కొందరు రోగులకు ముందుగా ఇచ్చి చూస్తే, వచ్చినవాళ్ళలో సగానికి పైగా రెండో పేజీ దగ్గరే వెనక్కి పోతున్నారని అంకెలు చూపించాయి. వాళ్ళకేదో పని పడి ఉంటుందన్నాడు చిన్నోడు.

"ఎక్కడ ఆగారో అంకెలు చెబుతాయి. ఎందుకు ఆగారో మనిషే చెప్పాలి" అని వదిన మనుషుల్ని పిలవడం మొదలుపెట్టింది.

ముందు బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. "ఇక్కడ డాక్టరమ్మ ఫోటో ఉంది. నొక్కితే పలుకుతుందేమో" అని నొక్కింది. "పలకడం లేదు. పనిలో ఉన్నట్టుంది" అని చేతులు కట్టుకుని మర్యాదగా ఎదురుచూసింది. వెనక కూర్చున్న చిన్నోడికి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఆవిడ మౌసు అసలు మీట మీదుగా పోయినప్పుడల్లా దగ్గడం మొదలుపెట్టాడు. వదిన అతణ్ణి బయటికి పంపేసింది. తన సొంత పేజీ అవస్థను అతను వరండాలోంచి, అద్దానికి ముక్కు ఆనించి చూడవలసివచ్చింది.

ఆవిడ వెళ్ళేటప్పుడు, చదువు అంతంతమాత్రం కాబట్టి తనకే చేతకాలేదని నొచ్చుకుంది. మీరు బాగానే చేశారు, సరిగ్గా చేయనిది మా పేజీయేనని వదిన ఆవిణ్ణి గుమ్మందాకా సాగనంపింది.

బస్సులో చిన్నోడు ఊరుకోలేకపోయాడు. మనుషులు కళ్ళు పెట్టి చూడకపోతే పేజీ ఏం చేస్తుందన్నాడు. అవతల ఆసుపత్రివాళ్ళు తొందరపెడుతున్నారని, మేనేజరు తన మీద నిప్పులు కురిపిస్తున్నాడని, ఇంకా ఎంతమందిని పిలుస్తారని గోల పెట్టాడు.

"ఇంకొక్కరు. రేపు అత్తయ్యను తీసుకొస్తాను."

"అమ్మనా? అమ్మకు కంప్యూటరుతో ఏం పని వదినా?"

"ఈ మాట అంటూ మనసులో ఏమనుకుంటున్నావో..."

చిన్నోడు కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు మనసులో ఉన్నది పైకి చెప్పి ఉంటే ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగేవి.

మర్నాడు అమ్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఉద్యోగంలో చేరడానికి వచ్చినంత దర్జాగా వచ్చి కూర్చుంది. దగ్గనని ఒట్టేయించుకున్నాకే చిన్నోణ్ణి వదిన లోపలికి రానిచ్చింది. పరీక్ష మీకు కాదు అత్తయ్యా, మీ అబ్బాయి చేసిన పేజీకి అని అమ్మకు ముందే చెప్పింది.

"ఒక మూల ఫోటో ఉంది. తెల్లకోటు. ఆడో మగో తెలియడం లేదు" అంది అమ్మ.

"ఇంకా?"

"ఇంకేముంది, ఖాళీ. వీడు రాయడం ఎప్పుడు మొదలుపెడతాడు?"

చిన్నోడు నోరు తెరిచాడు. వదిన అతని మణికట్టు పట్టుకుంది. అమ్మ తెరకు దగ్గరగా జరిగింది, ఇంకా జరిగింది. కాసేపటికి గొంతు తగ్గించి, "అక్కడేమైనా రాసి ఉందా అమ్మాయ్?" అని అడిగింది.

"ఉండి కూడా మీకు కనబడకపోతే తప్పు రాసినవాడిది. మీకు ఎలా ఉందో అలా చెప్పండి, చాలు."

అమ్మ మౌసు వదిలేసింది. "కనబడటం లేదమ్మా. ఇదొక్కటే కాదు, కొన్నాళ్ళుగా అన్నీ మంచులో ఉన్నట్టున్నాయి. పాలు పొంగేది కూడా చప్పుడు విని తెలుసుకుంటున్నాను. చెబితే వీళ్ళు నన్ను వంటింట్లోకి రానివ్వరని ఊరుకున్నాను."

తలుపు దగ్గరున్నానని అన్నయ్య చెప్పిందీ, ఉప్పు డబ్బా ఎటు జరిగిందో, స్టూలు ఎక్కడుందో ఇన్నాళ్ళూ అందరూ అరుస్తూ తిరిగిందీ ఎవరికోసమో చిన్నోడికి ఒక్కసారిగా అర్థమైంది. అమ్మ ఎవరినీ ఏమీ అడగాల్సిన పనిలేకుండా ఇల్లంతా ఆవిడకు వినిపిస్తూ వచ్చింది.

వరండాలోకి వచ్చాక, నాకు ముందే చెప్పొచ్చు కదా వదినా అన్నాడు.

"చెబితే ఏం చేసేవాడివి?"

అతను ఆలోచించాడు. "కేకలేసేవాణ్ణి. ఆ రోజే ఆసుపత్రికి లాక్కెళ్ళేవాణ్ణి."

"ఆవిడ గుమ్మం దిగేదా?"

దిగేది కాదు. కళ్ళ సంగతి వదిన ఒకసారి మెల్లగా అడిగితే, కుర్రదానివి నీకంటే నాకే బాగా కనిపిస్తుందని అత్తగారు వారం రోజులు మాట్లాడటం మానేసిందట.

ఆ వారమే చిన్నోడు అక్షరాలన్నీ నల్లగా, లావుగా చేశాడు. మీటలకు గడులు కట్టాడు. ఖరీదు పోయిందని మేనేజరు మూతి ముడుచుకున్నాడు గానీ, ఆసుపత్రివాళ్ళు ఆలస్యానికి కాస్త గొణిగి పుచ్చుకున్నారు. కంటి డాక్టరు దగ్గర టైము అమ్మే స్వయంగా తీసుకుంది. తెరకు ముక్కు తగిలేలా కూర్చుని, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. మొదట పిల్లల డాక్టరును నొక్కింది, తిట్టుకుంది, వెనక్కి వచ్చి సరైన మీట పట్టుకుంది. వెనక కొడుకులిద్దరూ వేళ్ళు నలుపుకుంటూ నిలబడ్డారు.

శుక్లాలు తీశారు. కట్టు విప్పిన రోజు అమ్మ ఇంటికి వచ్చి, మంత్రిగారు తనిఖీకి వచ్చినట్టు ఇల్లంతా కలియతిరిగింది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసింది. అన్నయ్య తలలో తెల్లవెంట్రుకలు చూసి కంగారుపడింది. ముందుగదిలోకి వచ్చి, కిటికీ ముందు ఆగిపోయింది. అక్కడ చిలకాకుపచ్చ మీద ముదురు గులాబీ పూల కర్టెన్లు వేలాడుతున్నాయి. కిందటి నెల దుకాణంలో గుమాస్తా ఎన్ని చూపించినా కాదని, లేతరంగు ముచ్చటగా ఉందంటూ పట్టుబట్టి వాటిని కొనిపించింది అమ్మే.

"ఇవి ఎవరు కొన్నారు?" అంది అమ్మ.

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.

"నేనే అత్తయ్యా" అంది వదిన.

అమ్మ కోడలి వైపు జాలిగా చూసింది. "అనుకున్నాను. పోనీలే, ఈసారి కొనేటప్పుడు నన్ను తీసుకెళ్ళు."